తిప్పి పంపిన పప్పు

ట్రామ్ వంతెన ఎక్కుతుండగా రహేలాకి ముందు సీట్లో ఎర్ర ఉన్ని టోపీ కనిపించింది. గోథెన్‌బర్గ్ నిండా టోపీలే గానీ, వడ్డించిన పప్పుని ఒకసారి వంటింటికి తిప్పి పంపందే ముద్ద ముట్టని టోపీ అదొక్కటే. దాని కింద ఉండేది మొసద్దేక్ చాచా.

ఓడల్లో ఇంజన్లు బాగుచేస్తూ సగం లోకం తిరిగినవాడు. లిస్బన్‌లో చేప తిప్పి పంపాడట. అలెగ్జాండ్రియాలో రొట్టె. ఎక్కడో మంచినీళ్ళు కూడా, "మరీ తడిగా ఉన్నాయి" అని. ఇప్పుడు తీరుబడిగా ప్రతి శుక్రవారం సాయంత్రం రహేలా హోటల్ మీద పడుతున్నాడు. ఆమెది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్. బోర్డు మీద మాత్రం ఇండియన్ హోటలనే ఉంటుంది. అలా ఉంటేనే స్వీడన్‌వాళ్ళు లోపలికొస్తారు.

"చాచా, ఇక మా హోటల్‌కి రాకండి," అంది రహేలా, పక్కన కూలబడి. "మీరొస్తే తను పోతానని మొనాఫ్ పొద్దున్నే తేల్చేశాడు. వంటవాడు పోతే నేను తలుపులు మూసుకోవాల్సిందే."

"పోడులే."

"ఏప్రన్ విప్పి నా చేతిలో పెట్టాడండీ!"

"మళ్ళీ కట్టుకున్నాడా?"

"కట్టుకున్నాడనుకోండి..."

"మరింకేం! ఈ పూటకి రానీ తల్లీ. తర్వాత నీ ఇష్టం."

హోటల్లో చాచా బల్ల మీదికి పప్పు వచ్చింది. చాచా ఒక చెంచా నోట్లో వేసుకుని, ఇంజన్లో తేడా శబ్దమేదో విన్నట్టు చెవి వంచి, గిన్నె పక్కకి నెట్టేశాడు. పక్క బల్ల దగ్గరి స్వీడన్ దంపతులు తమ గిన్నెల్లోకి అనుమానంగా తొంగిచూశారు.

తన వంట తిరిగొస్తే తనే మెట్లెక్కొచ్చి జవాబు చెప్పడం మొనాఫ్ పట్టింపు. ఇంకెందుకూ కింది వంటింట్లోంచి బయటికి రాడు. భార్య చనిపోయినప్పటి నుంచీ మరీను. అక్కలాంటి రహేలా కంచం పెడితే, "వాసనకే కడుపు నిండింది ఆపా" అని ముట్టకుండా చల్లారనిస్తాడు.

"ఏం తక్కువైందంట?" గరిటెతో సహా వచ్చి నిలబడ్డాడు మొనాఫ్.

"ఏదో తక్కువైంది. నువ్వే తిని చెప్పు."

"ఉప్పుంది!" అన్నాడు మొనాఫ్, కూర్చుని, ఓ కంచంలో అన్నం పెట్టుకుని ఒక ముద్ద కలిపి తిని.

"ఉప్పు కాదు."

"తాలింపూ బాగానే ఉంది!"

"ఒక్క ముద్దకే ఎలా తెలుస్తుందయ్యా? ఓడల్లో నీలాంటి వాళ్ళని సముద్రంలోకి తోసేవాళ్ళం."

"మీ నాలికని ముందు తోయాల్సింది!" అంటూ మొనాఫ్ ఇంకో ముద్ద కలిపాడు. కోపంలో మరొకటి. చాచా తన చేపముక్కని చప్పుడు కాకుండా అతని కంచంలోకి జరిపాడు. తిడుతూ దాన్నీ తినేశాడు మొనాఫ్.

నీళ్ళు పోయడానికొచ్చిన రహేలా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వంటవాడి కంచం ఖాళీ అవడం ఈమధ్య ఆమె ఎన్నడూ చూళ్ళేదు. శుక్రవారాలు ఇలాగే ఖాళీ అయ్యేదేమో, తనే చూసుకోలేదు. శుక్రవారమంతా చాచాని తిట్టుకోవడంతోనే సరిపోయేది.

"చాచా," అంది ఆయన చెవి దగ్గరికి వంగి, "పప్పు నిజంగా బాలేదా?"

"అమృతం. గట్టిగా అనకు," అని చాచా టోపీ సర్దుకుని లేచాడు.

మొనాఫ్ కంచం తుడిచి తలెత్తేసరికి ఎదురుగా కుర్చీ ఖాళీ. కిటికీ అద్దం అవతల వానలో ఎర్ర టోపీ వెనక్కి తిరక్కుండా పోతోంది.

"పారిపోయాడు చూశావా ఆపా! వచ్చే శుక్రవారం రమ్మను, చెప్తా ఆయన సంగతి!"

"చెప్దువుగాని," అంది రహేలా, ఇంకో గరిటె అన్నం వడ్డిస్తూ. "నేను రమ్మంటాగా."