పారబోసిన మందు

ఉదయం ఐదున్నరకు మా తాతయ్య వీధి మొదట్లో కట్టెలు నాటేవారు. నా చిన్నప్పుడు తమిళనాడులోని గుడియాత్తంలో మా నేతవాళ్ళ వీధికి తెల్లవారడం అంటే అదే. ఆ కట్టెల దగ్గర నుంచి వీధి చివరి దాకా పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, సాచి, నూలుకు గంజి పట్టించి, ఎండ ముదిరేలోగా కుంచెలతో దువ్వి ఆరబెట్టాలి. అది ఒక్క ఇంటివాళ్ళతో అయ్యే పని కాదు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ పడుగుకు రెండు వైపులా నిలబడేవారు. మధ్యలో ఒకరు చెయ్యి వదిలితే పోగులు అంటుకుపోయి ఆ నూలు మగ్గానికి పనికిరాకుండా పోయేది. అందుకని ఆ వేళలో మా వీధిలోకి సైకిలు కూడా రానిచ్చేవారు కాదు.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు పొద్దున వేలూరు నుంచి ఒక జీపు వచ్చి ఆ కట్టెల ముందు ఆగింది. దిగిన డాక్టరమ్మ పొట్టిగా, కళ్ళజోడు పెట్టుకుని, నూలు చీరలో ఉన్నారు. పసిపిల్లలకు కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం మూడూ రాకుండా ఒకే సూది వేస్తామని చెప్పారు. ఆవిడ తమిళంలో మొదలుపెట్టి తెలుగులో ముగించేవారు. మేమూ అలాగే మాట్లాడతాం కాబట్టి మాకు వింతగా తోచలేదు. మా తాతయ్య కుంచె ఆపకుండానే జవాబిచ్చారు.

"పడుగు మీద ఉండాము తల్లీ. ఇంగోనాడు రాండి."

తాతయ్యకు సూది అంటే భయమేమీ లేదు. సూది వేయించుకున్న బిడ్డకు జ్వరం వస్తుందని, తల్లి బిడ్డను ఎత్తుకుని కూర్చుంటుందని, మగ్గం ఆగిపోతుందని ఆయన లెక్క. వీధిలో పెద్ద ఆయనే కనుక ఆయన మాటే అందరి మాట. డాక్టరమ్మ వాదించలేదు, వెళ్ళనూ లేదు. మా ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని గంజి ఆరేదాకా చూశారు. ఎన్నింటికి మొదలుపెడతారు, ఎవరు ఎక్కడ నిలబడతారు, మధ్యలో చెయ్యి మార్చుకోవచ్చా అని మా అవ్వను అడిగారు. ఇన్ని అడుగుతోందే, నేయను వచ్చిందా ఏమి అని మా అవ్వ ఆవిడ ముందే నవ్వింది.

ఆ తరువాత వెనక వీధిలో కోరింత దగ్గు మొదలైంది. మా పెరట్లో నిలబడితే వినబడేది. బిడ్డ ఆపకుండా దగ్గి, చివర ఊపిరి లోపలికి లాగేటప్పుడు సన్నగా ఒక కూత వచ్చేది. ఆ కూత విన్నప్పుడల్లా మా అమ్మ మగ్గం ఆపి, ఉయ్యాలలో ఉన్న మా తమ్ముణ్ణి ఎత్తుకునేది. వాడికి అప్పటికి ఎనిమిది నెలలు. ఒకనాడు ఆమె తాతయ్య ముందు నిలబడింది.

"వీనికి సూది వేయించందే నేను పడుగు పట్టను మామా."

మా ఇంట్లో ఆ స్వరం అంతకు ముందు ఎవరూ వినలేదు. తాతయ్య ఆరోజే వేలూరికి నూలు కోసం పోయే ఆయనతో డాక్టరమ్మకు కబురు పంపారు.

ఈసారి ఆవిడ ఐదున్నరకే వచ్చారు. తాతయ్య చేతిలో కట్టె ఇంకా భూమిలో దిగలేదు. వెంట నలుగురు నర్సులను తెచ్చారు. ఆవిడ చెప్పిన పద్ధతి ఇది: పని పనే, పడుగు ఆపనక్కరలేదు. తల్లి బిడ్డను తెచ్చుకునేటప్పుడు ఆమె స్థానంలో ఒక నర్సు నిలబడుతుంది. బిడ్డకు సూది అయ్యాక తల్లి మళ్ళీ తన చోటికి పోతుంది. దానికి ముందు నర్సులకు కుంచె పట్టడం నేర్పమని మా అవ్వను అడిగారు. మా అవ్వకు అంతకంటే ఏం కావాలి? వాళ్ళను వరుసగా నిలబెట్టింది.

"ఏమే పిల్లా, అట్ల పొడిస్తే నూలుకు నొప్పి కాదూ? ఇది నీ సూది కాదు, కుంచె. మెల్లంగా."

వీధి వీధంతా నవ్వింది. చంకల్లో పిల్లలతో తల్లులు తిన్నెల మీదికి చేరారు. మా అమ్మ తమ్ముడికి తల దువ్వి, కొత్త చొక్కా వేసి అందరికంటే ముందు కూర్చుంది. అప్పుడు డాక్టరమ్మ ఐసు పెట్టె మూత తీశారు.

సీసాలు పైకెత్తి చూశారు. ఒకదాన్ని చేత్తో గట్టిగా ఊపి మా తిన్నె మీద పెట్టారు. తరువాత ఇంకొకటి, ఇంకొకటి. పెట్టెలో ఉన్న సీసాలన్నీ అలా ఊపి వరుసగా పెట్టి, మా పిల్లలను పిలిచి, తాకకుండా చూస్తూ ఉండమన్నారు. మాకు అదొక ఆట. కాసేపటికి సీసాల్లో తెల్లని పలుకులు కిందికి దిగాయి. పైన నీళ్ళు తేటగా నిలిచాయి. ఏ సీసాలో ముందు దిగుతుందో పందెం వేసుకున్నాం. ఒక్కటి కూడా మిగలకుండా అన్నీ దిగాయి.

డాక్టరమ్మ లేచి నిలబడి అందరికీ వినబడేలా చెప్పారు. ఈ మందు చల్లగా ఉండాలి కానీ గడ్డకట్టకూడదు. ఐసుకు ఆనుకుని రాత్రి గడ్డకట్టింది, దారిలో మళ్ళీ కరిగింది. బాగున్న మందు ఊపితే ఇంత త్వరగా విడిపోదు, పాలలాగే ఉంటుంది. ఇది ఇక పనిచేయదు. ఈరోజు ఎవరికీ సూది వేయడం లేదు.

ఐసు సర్దింది నలుగురిలోకి చిన్న నర్సు. ఆ అమ్మాయి కుంచె పట్టుకునే ఏడ్చేసింది. డాక్టరమ్మ ఆమె వైపు చూడలేదు.

"బయలుదేరే ముందు నేను పెట్టె తీసి చూడాల్సింది. చూడలేదు. తప్పు నాదే."

"పోచ్చు, ఎల్లాం పోచ్చు," అంతా పోయిందని ఎవరో తమిళంలో అన్నారు. ఇంత పొద్దున్నే లేపి నీళ్ళు చూపించినారా అని ఇంకెవరో నవ్వారు. మా అమ్మ మాత్రం కదలలేదు.

"కొంచెమన్నా పనిచేస్తుంది కదమ్మా? మావానికి అదే వెయ్యండి. వెనక వీధిలో దగ్గు ఉండాది."

డాక్టరమ్మ ఆమె పక్కన కూర్చున్నారు. నేను దగ్గరగా ఉన్నాను కాబట్టి విన్నాను.

"వేయడానికి నాకు నిమిషం పట్టదు. నువ్వు నిశ్చింతగా ఇంటికి పోతావు. నీ బిడ్డకు మాత్రం ఏ కాపూ ఉండదు. రేపు వానికి దగ్గొస్తే నువ్వు సూదినే నమ్మవు. వచ్చే వారం నేను మళ్ళా వస్తాను తల్లీ. అంతదాకా వాణ్ణి ఆ వీధికి తీసుకుపోవద్దు, దగ్గేవాళ్ళను ఎత్తుకోనియ్యొద్దు."

అమ్మ ఇంకా సీసాల వైపే చూస్తోంది. అప్పుడు మా తాతయ్య కుంచె పక్కన పెట్టి వచ్చారు. ఒక సీసా ఎత్తి వెలుతురుకు పట్టి చూశారు. నీళ్ళూ పిండీ వేరైన గంజిని ఆయన ఎన్నిసార్లు చూసి ఉంటారో! వీధి వైపు తిరిగి గట్టిగా అన్నారు.

"ఏమప్పా నవ్వుతారు? పోయిన నెల గంజి పులిసిందని మనం కుండలు కుండలు కాలవలో పొయ్యలేదా? ఆ గంజే పూసి, బాగుండాదని అమ్మినామా? ఈయమ్మ కూడా అదే చేసింది. వచ్చే వారం ఇదే టైముకు అందరూ ఈడ ఉండండి. ముందు మా మనవడికే."

డాక్టరమ్మ సీసాలన్నీ లెక్క చూసుకుని, తీసుకుపోయి పారేయడానికి వేరే సంచిలో కట్టించారు. పెట్టెలోని ఐసును మాకు ఇచ్చారు. నోట్లో పెట్టుకోవద్దు, ఏ నీళ్ళతో చేసిందో తెలియదు అని ఒక్కొక్కరికీ చెప్పి మరీ ఇచ్చారు. తినకూడని ఐసుతో ఏం చేస్తాం? ఒకరి చొక్కాల్లో ఒకరం వేసుకున్నాం. నేను ఒక ముక్క తెచ్చి మా అవ్వ మెడ వెనక పెట్టాను. ఆమె వేసిన కేకకు వీధి చివరిదాకా కుంచెలు ఆగాయి. ఏడ్చిన నర్సు కూడా నవ్వింది. సూది తప్పిందన్న సంతోషం, ఐసు దొరికిన సంతోషం, రెండూ కలిసి మాకు ఆరోజు పండుగే. అమ్మకు మాత్రం ఆ వారమంతా సరిగా నిద్ర లేదు. తమ్ముడు తుమ్మినా ఉలిక్కిపడేది.

వారం తరువాత జీపు మళ్ళీ ఐదున్నరకే వచ్చింది. పెట్టె మోసుకుని దిగింది ఆ చిన్న నర్సే. ఐసు ఎవరు సర్దారని డాక్టరమ్మ అడిగారు. నేనే అమ్మా అంది. డాక్టరమ్మ అందరి ముందూ మూత తీసి, సీసాలకూ ఐసుకూ మధ్య పెట్టిన మందపాటి అట్టలను వేలితో తాకి చూశారు. ఒక సీసా ఊపి వెలుతురుకు పట్టారు. అది పాలలాగే నిలిచింది. అప్పుడు మొదటి సూది వేయమని ఆ నర్సు చేతికే ఇచ్చారు.

మా తమ్ముడు పెట్టిన ఏడుపు వీధంతా విన్నది. తాతయ్య చెవులు మూసుకున్నారు.

"వీని గొంతుకు ఏ రోగమూ రాదులే. యాడికి పోయినా వినబడతాది."

ఆరోజు పడుగు ఆగలేదు. నర్సులు నిలబడిన చోట్ల నూలు కొంచెం ఎగుడుదిగుడుగా ఆరింది. అవ్వ వారం రోజులు అదే చెప్పి నవ్వింది. కొందరు పిల్లలకు జ్వరం వచ్చింది, తగ్గింది. సరిగ్గా నెలకు ఒకసారి చొప్పున మరో రెండుసార్లు జీపు వచ్చింది. ఐదున్నరకు ఒక్క నిమిషం దాటలేదు.

డాక్టరమ్మ తరువాత చాలా పెద్దవారయ్యారు. ఎక్కడ అంటురోగం వచ్చినా ప్రభుత్వాలు ఆవిడ మాట అడిగేవని పత్రికల్లో చదివాను. టీచరుగా చేరాక వేలూరు పక్కన బాగాయంలో వారింటికి ఒకసారి వెళ్ళాను. మా వీధి పేరు ఆవిడకు గుర్తు లేదు. మా అవ్వ గుర్తుంది. "నన్ను నేయను వచ్చిందా అని అడిగినామె కదా," అని చాలాసేపు నవ్వారు. ఈ ఏడాది ఆవిడ పోయారు. ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళినప్పుడు, పెద్దదైపోయిన ఆ చిన్న నర్సు గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. నేనూ వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.

నేను ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పాను. బోర్డు మీద తప్పు చేసిన రోజులు ఉన్నాయి. పిల్లలు గమనించకపోయినా ఆపి, తప్పు నాదే అని చెప్పి, మొదటి నుంచి మళ్ళీ చేసేదాన్ని. అలా చెప్పడానికి నాకు ఎప్పుడూ సిగ్గు వేయలేదు. ఆ ఉదయం నాకు మిగిల్చింది అదే.

మా తమ్ముడికి ఇప్పుడు మనవరాలు. పోయిన నెల ఆ పాపకు మూడో సూది వేయించి తెచ్చారు. తమ్ముడి కోడలికి కోరింత దగ్గు ఎలా ఉంటుందో తెలియదు. నేను ఆ కూత చేసి చూపించబోయి మానుకున్నాను. ఆ రోజుల్లో వీధిలో ఏ ఇంట పసిబిడ్డ పోయినా ఆ పూటకు మగ్గాలన్నీ ఆపేవారు. ఆ మూడు జబ్బులతో బిడ్డ పోయిందని మా వీధిలో మగ్గాలు ఆపడం ఇప్పుడు లేదు.