అమ్మ కడుపు మెచ్చిన కారు

ఆ రోజుల్లో కర్నూలులో ఉద్యోగం వచ్చినవాడికి పెళ్ళి, పెళ్ళయినవాడికి కారు జ్వరంలా పట్టుకునేవి. నాకు రెండూ ఒకే ఏడాదిలో సోకాయి. చిన్న ఎస్‌యూవీలు అప్పుడప్పుడే రోడ్ల మీదికి వస్తున్నాయి. ఎదురొచ్చేటప్పుడు ఏనుగులా, సందులో నిలిపేటప్పుడు మేకలా ఉండే ఆ బండి లేనిదే నా జన్మ వృథా అని తేల్చుకున్నాను. అడ్డల్లా అమ్మ కడుపే. కారు తలుపు వేసిన చప్పుడుకే ఆమెకు తిప్పేది. (పక్కింటాయన బండి స్టార్ట్ చేస్తే మా అమ్మ నిమ్మకాయ వెతుక్కునేదంటే నమ్మండి.) వీధి వీధంతా శ్రీశైలం పోయొచ్చినా, ఘాట్ రోడ్డు మలుపులకు జడిసి ఆమె మాత్రం మల్లయ్యకు క్యాలెండర్‌లోనే దండం పెట్టుకునేది. "నేను కక్కకుండా శ్రీశైలం చేర్చే బండి ఏదుంటే అది కొనప్పా. లేకుంటే వద్దు" అని ఒక్క మాటలో తేల్చేసింది.

అలా నలుగురం, అంటే అమ్మ, నాయన, నేను, మా ఇంటామె షోరూమ్‌ల మీద పడ్డాం. టై కట్టుకున్న సేల్స్ అతను మైలేజీ, ఎయిర్‌బ్యాగులు, టచ్ స్క్రీన్ అంటూ పురాణం మొదలెడితే నాయన చెయ్యెత్తి ఆపాడు. "అదంతా ఉండనీ సామీ. ఇందులో మా ఆమె కక్కుతాదా, కక్కదా? అది చెప్పు." మొదట చూసిన ఎర్ర బండిని నేనే తోలాను. (లైసెన్స్ కొత్తది, ధైర్యం పుట్టుకతో వచ్చింది.) బళ్ళారి చౌరస్తా చేరకముందే "ఆపప్పా, ఆపు!" అని కేక. రెండోదానికి పైకప్పులో కిటికీ ఉంది. గాలాడుతుందని అదీ నేనే తోలి, తెరిచి చూపించాను. "ఆకాశం గూడా తిరుగుతాండాది రా!" అంది అమ్మ. మూడో షోరూమ్‌కు మా కీర్తి మాకంటే ముందే చేరినట్టుంది. "మీరు హాయిగా కూర్చోండి సార్, నేను తోలి చూపిస్తా" అని అక్కడి సేల్స్ అతను తాళాలు నా చేతికే ఇవ్వలేదు. ఆ తెల్లబండిలో అమ్మ కక్కకపోవడమే కాదు, దారిలో ఆపించి ఉగ్గాని బజ్జి కూడా తినింది. నాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మైలేజీ ఎంతో అడక్కుండానే బండి కొనేశాం.

పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, శ్రీశైలం బయలుదేరాం. తోలింది నేనే. ఆత్మకూరు దాటి నల్లమల మలుపులు మొదలయ్యాయో లేదో, అమ్మ దిగి రాయి మీద కూలబడింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది. మొహం వాడిపోయింది. "వెనక్కి పోదాంలేవే" అన్నాడు నాయన. "ఇంత దూరమొచ్చి మల్లయ్యను చూడకుండా యాడికి పోయేది?" అంది అమ్మ. నేను కారునీ, కంపెనీనీ, రోడ్డు వేసినవాళ్ళనీ వరసగా తిట్టాను. నాయన మాత్రం ఏదో గుర్తొచ్చినట్టు, "అవునే, ఆ పొద్దు ఇదే బండిలో బజ్జీలు తింటివి గదా! తోలినోడు ఎవరు?" అన్నాడు. అందరూ నావైపే చూశారు. (ఒక కోతి కూడా.)

"అత్తా, నేను తోల్తా" అంది మా ఇంటామె.

"నీకొచ్చునా?" అంది అమ్మ.

"పెండ్లికి ముందు మా నాయన వ్యాన్లో ఆదోని మార్కెట్‌కు పత్తి తోలింది నేనే. పెళ్ళిచూపుల్లో పాట పాడమన్నారు గానీ, బండి తోలమని ఎవురూ అడగల్యా."

ఆ తర్వాత మలుపులన్నీ అమ్మ నిద్రలోనే దాటేసింది. లేపి గోపురం చూపిస్తే "అప్పుడే వస్తిమా?" అని చేతులు జోడించింది. నేను వెనక సీట్లోంచి దిగాను. ఆ సీటు ఇప్పటికీ నాదే. నల్లమల అంత పచ్చగా ఉంటుందని ఆ సీట్లో కూర్చున్నాకే నాకు తెలిసింది. తోలిన కాసేపూ నాకు అద్దంలో నా మీసం తప్ప మరేమీ కనిపించలేదు మరి.