పెట్టె తెరిచి చూసే పెద్దమ్మ

మా వీధి చివరింటి పెద్దమ్మ పోయింది. పోయి నెల దాటిందట. శుక్రవారం ఫోను చేసినప్పుడు తమ్ముడు వానల గురించి, మామిడికాపు గురించి చెప్పి, పెట్టేసే ముందు, "అన్నట్టు అక్కా, చివరింటి పెద్దమ్మ పోయింది, నీకు తెలుసు గదా?" అన్నాడు. నాకెవరు చెబుతారు? కువైట్‌లో నేను పనిచేసే ఈ ఇంటి గోడల మధ్య నాతో తెలుగు మాట్లాడేది వారానికొకసారి ఆ ఫోనొక్కటే.

వంటింట్లో నిలబడి ఏడుస్తుంటే మా మేడమ్ వచ్చి ఏమైందని అడిగింది. నాకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో పెద్దమ్మకు మాట లేదు. పొరుగింటావిడ అంటే ఇంత ఏడుపెందుకంటుంది. అందుకని "అమ్మ" అన్నాను. ఆమె నొసలు ముడేసి, మీ అమ్మ నువ్వు రాకముందే పోయిందన్నావు గదా అంది. ఔనన్నాను. అబద్ధమాడి సెలవు అడుగుతున్నాననుకుందో ఏమో, బియ్యం కడగమని చెప్పి వెళ్లిపోయింది. కడిగాను.

మాది వడమాలపేట. తొంభైల చివర మా వైపు ఆడవాళ్లు చాలామంది ఇళ్లలో పనికి కువైట్ పోతుండేవారు. ఎవరికి వీసా వచ్చినా సరే, బయలుదేరే ముందురోజు పెద్దమ్మ పిలవకుండానే వచ్చి, గడప బయట చెప్పులు విడిచి, "ఏదీ, పెట్టె తెరువు" అనేది. ఎడమ చెవి తమ్మె చిరిగి ఉండేది, కమ్మ ఒక్క కుడి చెవికే. చాప మీద బాసీపట్టు వేసుకుని, సర్దినదంతా బయటికి తీసి, ఒక్కొక్కటే మడత విప్పి చూసేది.

"ఆడ నీ పట్టుచీర ఎవురు సూస్తారు మే? మెత్తని నైటీలు పెట్టుకో. జారని చెప్పులు పెట్టుకో, బాత్రూములు కడగాల."

పాస్‌పోర్టు జిరాక్సు తీయించి, దానికోసం లంగా లోపల జేబు కుట్టేది. విమానం దిగాక అందరి పెట్టెలూ ఒకేలా ఉంటాయని పిడికి ఎర్రగుడ్డ పీలిక కట్టేది. "నీళ్లని మాయ్ అంటారు. దప్పికైతే అడుగు. సిగ్గుపడి ఊరుకుంటే ఎవురూ ఇయ్యరు" అనేది. అక్కడ బండ్లు కుడిపక్కన పోతాయని, ముందు ఎడమకు చూసి రోడ్డు దాటడం నేర్పడానికి మమ్మల్ని నిజంగానే తిరుపతి రోడ్డు మీదికి తీసుకుపోయేది. ఒకసారి పుత్తూరు బస్సు డ్రైవరు సడన్ బ్రేకు వేసి, "ఏమ్మా, సచ్చేదానికి నా బండే దొరికిందా?" అని అరిచాడు. "నువ్వు పోప్పా, ఇది కోయిట్ రోడ్డు!" అంది పెద్దమ్మ.

ఇంత తెలిసిన మనిషి తాను మాత్రం కువైట్‌లో నెల కూడా ఉండలేదు. వెళ్లిన ఇరవై రోజులకే తిరిగొచ్చేసింది. ఊళ్లో నవ్వని వాళ్లు లేరు. ఇరవై దినాల కోయిట్టమ్మ అని పేరు పెట్టారు. ఎందుకొచ్చేశావంటే, "నాకు ఆ ఎండ పడలేదబ్బా" అనేది. వడమాలపేట ఎండలో చెనక్కాయలు పీకిన మనిషికి ఎండ పడకపోవడమేమిటని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. అందరితోపాటు నేనూ నవ్వాను.

నా వంతు వచ్చేసరికి మా అమ్మ పోయి మూడు నెలలు. ఆమె చివరిసారి వేయించి దంచిన కోడికూర మసాలా ఒక డబ్బాడు మిగిలింది. దాన్ని చీరల మధ్య భద్రంగా పెట్టుకున్నాను. పెద్దమ్మ మూత తీసి, వాసన చూసి, చిటికెడు నాలుక మీద వేసుకుంది.

"గసగసాలు ఏసిందా మీయమ్మ?"

"ఏయకుండా కూర మసాలా ఎట్లయితాది పెద్దమ్మా?"

"అట్లయితే ఇది పోకూడదు. ఈడ్నే ఉండనీ."

"ఎందుకు?"

"ఆడ ఒప్పుకోరు. అంతే."

డబ్బా కొంగులో చుట్టుకుని లేచింది. నేను వీధిలోకి వెంటపడి చెయ్యి పట్టుకు గుంజాను. పదిమంది చూస్తుండగా నోటికొచ్చినట్టు అనేశాను. "ఇరవై దినాలు ఉండలేక పారిపోయొచ్చినదానివి, నువ్వా నాకు చెప్పేది? అది మాయమ్మ చేతిది!" పెద్దమ్మ ముఖం పాలిపోయింది. "తిట్టుకో పాపా. తిట్టి పో. డబ్బా మాత్రం ఇయ్యను" అంది. మర్నాడు నేను మద్రాసు బస్సెక్కేటప్పుడు వీధి చివర నిలబడే ఉంది. పోయొస్తానని ఆమెకు చెప్పలేదు.

వచ్చిన ఏడాదికి, చెత్త పడేసే చోట, పక్కింట్లో పనిచేసే రాజంపేట అక్క ఒకామె పరిచయమైంది. మా ఊరి పేరు వినగానే ఆగింది.

"మీ ఊరామె ఒకామె అప్పట్లో నాతోబాటే ఇమానం దిగింది. ఎడమ చెవి చిరిగుండాది. పాపం, కూరలోకని గసగసాలు మూట కట్టి తెచ్చుకునింది. ఈడ అది మత్తుమందు కింద లెక్క. ఇమానం దిగిన తావునే పట్టుకున్నారు. యాడ పెట్టినారో ఏమో, ఇరవై దినాలకి తిరుగు ఇమానం ఎక్కించినారంట."

జైలుకు పోయొచ్చిందన్న మాటకన్నా పారిపోయొచ్చిందన్న మాటే నయమనుకుని, పెద్దమ్మ అన్నేళ్లు ఊరి నవ్వులు భరించింది. ఆ రోజు ఈ ఒక్క సంగతి చెప్పి ఉంటే డబ్బా నేనే ఇచ్చేసేదాన్ని. చెప్పలేదు. నా తిట్లు తిని, నన్ను గండం గట్టెక్కించి పంపింది.

ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. పెద్దమ్మకు చదువు రాదు, ఎవరో ఒకరు చదివి వినిపించాలి. ఆమె దాచుకున్నదాన్ని నా ఉత్తరమే వీధిలో పెడుతుంది. సెలవులో పోయి నోటితోనే చెప్పి, కాళ్లకు దండం పెట్టుకుందామని ఊరుకున్నాను. ఈ వేసవికి సెలవిస్తామన్నారు. పెద్దమ్మ అంతవరకు ఉండలేదు.

ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. ఆమె పేరు రాయను, మా ఊరివాళ్లకు అక్కర్లేదు. ఆమె పారిపోయి రాలేదని వాళ్లకు తెలిస్తే చాలు. గుట్టు బయటపెట్టడం తప్పయితే ఆ తప్పు నాదే. అందరిలో ఆ మాట అన్న నోరు నాది, అందరిలోనే దిద్దుకోవాలి.

ఈ ఇంట్లో మూడేళ్ల ఆడపిల్ల ఉంది. మధ్యాహ్నం నిద్రపుచ్చడం నా పని. కథ చెబుతుంటే ఊఁ కొట్టడం నేర్పాను. తెలుగు ఒక్క ముక్క రాదు గానీ, నేను గుక్క తిప్పుకున్న చోటల్లా ఊఁ అంటుంది. ఆ శుక్రవారం దాని పక్కన పడుకుని, "పెద్దమ్మా, నిన్ను అనరాని మాటన్నాను" అని మొదలుపెట్టాను. ఊఁ అంది. "నువ్వు నన్ను కాపాడినావు, నాకు తెలీలేదు" అన్నాను. ఊఁ అంది. ఆపైన ముఖం గోడవైపు తిప్పుకున్నాను. కథ ఇంకా ఉందనుకుందేమో పిల్ల, నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని, "ఊఁ?" అంది.