వేలాడే వైరు, కదలని లారీ

నేను చేసిన ఒక మంచి పని వల్ల లారీ నిండా ఉన్న రొయ్యలు కుళ్ళిపోబోయాయి. ఉద్యోగం కూడా ఊడబోయింది. నవ్వదలచినవారు మొహమాటపడకండి, ఇక్కడ మొహమాటానికి నేనొక్కదాన్ని చాలు.

కలిదిండిలో రొయ్యలు కొని ఊళ్ళకు పంపే ఆఫీసులో నాకది నాలుగో రోజు. అప్పటికి నేను నోరు తెరిచి అన్నవి రెండే మాటలు: "నమస్కారమండీ", "వెళ్ళొస్తానండీ". ఆ పొద్దున నా బల్ల జరిపి వెనక దుమ్ము తుడిచాను. వినాశకాలే విపరీత శుభ్రత! అక్కడ ఒక వైరు కొస దిక్కులేనిదానిలా వేలాడుతూ ఉంది. పక్కనే గోడకి, ఆఫీసు వైర్లన్నీ వచ్చి చేరే చిన్న పెట్టె. అందులో ఒక్క కన్నం ఖాళీ. పాపమనిపించి దూర్చేశాను. టక్‌మంది. ప్రాణం హాయిగా ఉంది.

కూర్చుంటే నా కంప్యూటర్‌లో నెట్‌వర్క్ లేదు. ఆపి మళ్ళీ వేశాను. లేదు. ఇంతలో మేనేజరు మూర్తిగారి కేక.

"ఏమ్మా, నీకు వస్తందా?"

"లేదండీ."

"నాకూ పోయింది. ఎవరికీ లేదు!"

నెట్‌వర్క్ లేనిదే గేట్ పాస్ రాదు. గేట్ పాస్ లేనిదే లారీ కదలదు. డ్రైవరు కిటికీలో తల పెట్టాడు.

"ఏవండోయ్, ఐసు కరిగిపోతందండి! ఇంకాసేపాగితే రొయ్యలు ఈదుకుంటా పోతాయండి!"

మూర్తిగారు ఏలూరులో ఉన్న నెట్‌వర్క్ ఇంజనీరుకి ఫోన్ చేసి, పెట్టె నా వెనకే ఉందని ఫోన్ నా చేతిలో పెట్టారు.

"లైట్లు వెలుగుతున్నాయాండీ?"

"పెళ్ళిపందిరిలా మిణుకుమంటున్నాయండీ."

"వైర్లేమన్నా ఊడున్నాయా?"

"ఒక్కటి కూడా లేదండీ."

ఊడిందాన్ని నేనే పెట్టానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మన గొప్ప మనమే చెప్పుకుంటే ఏం బాగుంటుంది చెప్పండి? మింగేశాను.

రెండు గంటల తర్వాత ఇంజనీరు స్వయంగా వచ్చి బల్లకింద దూరాడు. నవ్వుతూ తల బయటపెట్టాడు.

"ఈ వైరు ఇక్కడ పెట్టిన మహానుభావులు ఎవరండీ?"

ఇన్నాళ్ళకు గుర్తింపు! సిగ్గుతో తల వంచుకున్నాను. "అబ్బే, అదేముందండీ... నేనే."

ఇంజనీరు ఆ వైరుని వేలితో చూపించాడు.

"ఇది మీ కంప్యూటర్ వైరేనండి, బల్ల జరిపితే ఊడుంటుంది. రెండో కొస ముందునించీ ఈ పెట్టెలోనే ఉంది. రెండు కొసలూ ఇక్కడే పెడితే, ఇక్కడ బయల్దేరింది మళ్ళీ ఇక్కడికే వస్తంది. రొయ్యల చెరువులో ఏరేటర్ చక్రం తిప్పిన నీళ్ళే తిప్పినట్టు. ఇంక మిగతావాళ్ళకి దారెక్కడండి?"

ఆయన వైరు పీకి నా కంప్యూటర్‌కి పెట్టగానే అందరికీ నెట్‌వర్క్ వచ్చేసింది. మూర్తిగారు నావైపు తిరిగారు.

"రెండు గంటల్నించి ఇక్కడే ఉన్నావు కదమ్మా, ఒక్క ముక్క చెప్పకూడదూ?"

"గొప్పలు చెప్పుకోవడం నాకలవాటు లేదండీ."

ఆయన కోప్పడబోయి నవ్వేశారు. రొయ్యలు మరికాస్త ఐసు కప్పుకుని బయల్దేరాయి. ఉద్యోగం మిగిలింది. ఇంటికెళ్ళి డైరీలో ప్రమాణపూర్వకంగా రాసుకున్నాను: ఇకమీదట ఏ మంచి పనీ గుప్తంగా చేయను. చేయక తప్పకపోతే, ముందుగా మూర్తిగారికి అర్జీ పెట్టుకుంటాను.