యజమానితో నేరుగా మాట్లాడే ఫోను

తాగి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లున్నారు. యజమానిని తిట్టి పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. పదకొండు పేజీల రిపోర్టు రాసి, ముహూర్తం పెట్టించి, ఇంటింటికీ కార్డులు పంచి, పసుపు కుంకుమలతో సొంత ఉద్యోగాన్ని సాగనంపినవాడు మాత్రం నాకు తెలిసి చిత్తూరు జిల్లాలో ఒక్కడే. ఆ మహానుభావుణ్ణి నేనే. చెబుతాను, కడుపుబ్బా నవ్వుకోండి. మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ఎనభైలు మొదలై కొన్నేళ్లయిన రోజులు. తిరుపతిలో బీకాం ముగించి, చిత్తూరు శివార్లలో మామిడి గుజ్జును డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో అసిస్టెంటు మేనేజరుగా చేరాను. టెంపరరీ. ఆ ఒక్క మాటా ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. మా నాయన బజార్లో ఎదురైనవాళ్లందరినీ ఆపి 'మావోడు మేనేజరు' అని చెప్పుకుంటున్నాడు. ఆర్నెల్లు నిండేసరికి ఉద్యోగం ఖాయం కాకపోతే తిరుపతి బస్సెక్కడానికి నాకు ముఖం ఉండదు.

యజమాని చెంగప్ప గారు. ఆయన దగ్గితే లారీ డ్రైవర్లు బీడీలు ఆర్పేసేవాళ్లు. ఆయన గది బయట ఓ పాత చెక్క బోర్డు ఉండేది, దానినిండా చిల్లులు, వేలాడే వైర్లు. బయటినుంచి ఫోనొస్తే ఆపరేటరు కాంతమ్మ 'ఎవురు గావాల' అని అడిగి, వైరు చిల్లులో గుచ్చి కలిపేది. వానొచ్చిన రోజు అందులో మనుషుల గొంతుల కంటే కప్పల గొంతులే బాగా వినిపించేవి.

ఒకరోజు చెంగప్ప గారు నన్ను పిలిచారు.

"ఏమప్పా శీనూ, ఈ బోర్డుకి వయసైపాయ. రిపేరు సేపిస్తామా, కొత్తది కొంటామా? రెండువారాలు సూసి సెప్పు. ఈ పని సరింగా సేసినావంటే నీ ఉద్యోగం పర్మనెంటు."

"శాస్త్రీయంగా పరిశీలించి నివేదిక సమర్పిస్తాను సార్" అన్నాను. ఆఫీసులో నేను అచ్చు పుస్తకంలా మాట్లాడేవాణ్ణి. మేనేజరంటే అట్లా మాట్లాడాలని నా నమ్మకం.

మరునాడే కుర్చీ లాక్కొని, గడియారం, నోటుబుక్కు పట్టుకొని కాంతమ్మ పక్కన కూర్చున్నాను. ఆమెకు నలభై ఏళ్లుంటాయి. ఒళ్లో ఊలు అల్లిక, చెవికి ఫోను. పదకొండింటికి గంట మోగింది.

"మా తమ్ముడుండాడా?" అవతలి గొంతు నాకూ వినబడింది. ఆమె రంగమ్మ గారు, తల్లి లేని చెంగప్ప గారిని చంకనేసుకొని పెంచిన అక్క. ఉండేది చిత్తూరు టౌనులోనే.

"ఇప్పుడే బాయిలరు కాడికి పోయినారు మా" అంది కాంతమ్మ, కన్నార్పకుండా.

చెంగప్ప గారు పది అడుగుల దూరంలో కాళ్లూపుకుంటూ పేపరు చదువుతున్నారు!

"ఏమిటమ్మా ఇది? పచ్చి అబద్ధం కదా!" అన్నాను.

"కొన్ని కాల్సు పోవాల సార్, కొన్ని పోగూడదు. ఆయమ్మ దినామూ సేస్తాది. ఎందుకు సేస్తాదో, నేనెందుకు ఆపతానో అడగరా?"

"అనవసరం" అని, నోటుబుక్కులో రాసుకున్నాను: ఆపరేటరు తప్పుడు సమాచారం ఇస్తున్నది. కింద రెండు గీతలు కూడా గీశాను. అడిగి ఉంటే ఈ కథే లేదు. కానీ బీకాం ఫస్టు క్లాసువాడు ఆపరేటర్ని అడగడమా!

రెండు వారాల్లో రిపోర్టు తయారైంది. సారాంశం ఒకటే: బోర్డూ వద్దు, ఆపరేటరూ వద్దు. మద్రాసు నుంచి వచ్చిన సేల్సు మనిషి కొత్త మిషను చూపించాడు. బయటి ఫోను నేరుగా యజమాని బల్లమీదే మోగుతుంది. కావాలంటే ఆయన బటను నొక్కి మిగతావాళ్లకి పంపుతారు. మధ్యలో మనిషే ఉండడు.

చెంగప్ప గారు తల గోక్కున్నారు. "మనిషి లేకుండా యట్లప్పా? ఆ కాంతమ్మ ఆడుంటే నాకు నిమ్మళంగా ఉంటాది."

"అదే సార్ సమస్య. మీకూ లోకానికీ మధ్య ఆమె గోడలాగా అడ్డం ఉంది."

"గోడ మంచిదే గదప్పా" అని గొణిగారు. కానీ పదకొండు పేజీలు టైపు కొట్టి, ట్యాగు కట్టి ముందర పెడితే ఎవరు మాత్రం కాదంటారు? సంతకం చేశారు. కాంతమ్మని స్టోర్సుకు మార్చారు, డబ్బా మూతలు లెక్కపెట్టడానికి. వెళ్తూ వెళ్తూ ఆమె నావైపు జాలిగా చూసింది. ఓడిపోయినవాళ్ల చూపు అట్లాగే ఉంటుందనుకున్నాను.

నేను అంతటితో ఆగితే బాగుండేది. కొత్త మిషనంటే పూజ ఉండొద్దూ? గురువారం పది యాభైకి మంచి ముహూర్తం పెట్టించాను. నాలుగు మూలలా పసుపు పూసిన కార్డులు వేయించాను. 'ఇకమీదట మా యజమాని గారితో నేరుగా మాట్లాడవచ్చును' అన్న వాక్యం నా సొంత రచన. మొదటి కార్డు ఎవరికివ్వాలి? యజమాని మెచ్చుకోవాలంటే ఆయన అక్కగారికేగా! స్వయంగా వెళ్లి, వంగి ఇచ్చాను.

రంగమ్మ గారు కార్డు రెండుసార్లు చదివించుకున్నారు.

"మద్దెలో ఎవురూ ఉండరా నాయనా?"

"ఎవరూ ఉండరమ్మా."

"బాయిలరు కాడికి పోయినాడని సెప్పేవోళ్లు?"

"ఆ పాత పద్ధతులన్నీ తీసేయించాను. మీరు ఫోను చేస్తే నేరుగా సారే ఎత్తుతారు."

"సల్లంగా ఉండు బిడ్డా" అని ఆశీర్వదించి, కాఫీతోపాటు రెండు వడలు కూడా పెట్టారు. మూడోది అడిగి మరీ తిన్నాను.

గురువారం మిషనుకు బొట్టు పెట్టారు, దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. హారతి ఇంకా ఆరనేలేదు, ఫోను మోగింది. అందరం చప్పట్లు కొట్టాం. చెంగప్ప గారు ఎత్తారు.

"అలో... ఆఁ, అక్కా!"

లారీ డ్రైవర్లను గడగడలాడించే మనిషి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"లేదక్కా... నిన్ను తప్పిచ్చుకొని తిరిగేదేముండాది... బాయిలరు కాడే ఉంటి... అట్లనబాకక్కా, నీ సేతి కూడు తిని పెరిగినోణ్ణి... కాదు గానీ, ఆ పిల్లోనికి యాడని... ఈడనా?... అయ్యో, ఏడ్సబాకక్కా... సరే... సరేలే అక్కా... సోమారమా? అట్నే పంపీ."

ఫోను పెట్టేసి, కండువాతో ముఖం తుడుచుకున్నారు.

"మిషను బాగా పన్జేస్తా ఉండాదప్పా శీనూ."

"థాంక్యూ సార్!" నా ఛాతీ చొక్కా గుండీలకు అందనంత పొంగింది.

"మా అక్క మరిది కొడుక్కి ఉద్యోగం గావాలంట. వాడూ బీకామే. సోమారం వస్తాడు."

"చాలా సంతోషం సార్. ఏ సీటు ఇద్దాం?"

చెంగప్ప గారు దండ వేసిన మిషన్ని చూశారు, గోడని చూశారు, చివరికి నన్ను చూశారు.

"నీదే" అన్నారు.

నా పుస్తకం భాష అక్కడితో ముగిసింది. "ఏంది సార్ నువ్వనేది?" అని అరిచాను.

"నేనేం జేసేదిరా? అక్క ఎదురుంగా, లేకుంటే ఫోన్లో, నేను కాదనలేను. అందుకే గదా ఇన్నాళ్లూ ఫోను ఎత్తకుండా ఉండింది!"

కాళ్లీడ్చుకుంటూ స్టోర్సుకు పోయాను. కాంతమ్మ మూతల గుట్టల మధ్య కూర్చొని ఉంది. నా ముఖం చూడగానే అర్థమైపోయింది.

"ఆయమ్మ ఫోను నేరుగా పోయిందా సార్?"

"పోయిందమ్మా."

"నువ్వు సేరిన కాడినుంచీ ఆయమ్మ ఆ సీటే అడగతా ఉండాది. ఆర్నెల్లు దాటిస్తే నీకు పర్మనెంటయిపోతాది, ఆనక ఎవురూ కదిలించలేరని దినామూ ఆపితిని. ఇంకా తొమ్మిదే దినాలుండె." ఆమె నిట్టూర్చింది. "వాచీ పెట్టుకొని పక్కనే కూసుంటివే సామీ, ఒక్క మాట అడగొద్దా?"

సిగ్గుతో చచ్చిపోయాను. నా కోసం ఆడిన అబద్ధాలకు నేనే లెక్క రాసి, కింద రెండు గీతలు గీశాను!

సోమవారం కొత్త అసిస్టెంటు మేనేజరు వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. మధ్యాహ్నానికల్లా బంధువుల ఫోన్లు ఇరవై దాటాయి. ఇంకో ముగ్గురికి ఉద్యోగాలిస్తానని ఒప్పుకున్నాక చెంగప్ప గారు గది తలుపు వేసుకొని, "కాంతమ్మని పిల్సండ్రా!" అని కేక పెట్టారు. సాయంత్రానికి ఫోను ఆమె బల్ల మీదికి మారింది. మొదటి ఫోనుకే 'అయ్య బాయిలరు కాడ ఉండారు' అన్న మాట విని ఆఫీసంతా ఊపిరి పీల్చుకుంది.

నేను పెట్టె సర్దుకుంటుంటే యజమాని పిలిచారు.

"కాంతమ్మ సెప్పిందప్పా, నిన్ను పంపొద్దని. స్టోర్సులో మూతలు లెక్కబెట్టే సీటు ఖాళీగా ఉండాది. సేస్తావా?"

"అదన్నా పర్మనెంటేనా సార్?"

"ఖాయంగా పర్మనెంటు. ఆ సీటు మా అక్క సచ్చినా అడగదు."

ఆ సాయంత్రమే మూతల గుట్ట మీద కుడిచేయి పెట్టి, ఏడుకొండలున్న దిక్కుకు తిరిగి, ఘోర ప్రతిజ్ఞ చేశాను: నా కంఠంలో ప్రాణముండగా ఏ ఆఫీసులోనూ ఫోను మార్చమని చెప్పను. అందులో కప్పలు కాదు, ఏనుగులు ఘీంకరించినా సరే, 'ఇదే బాగుంది సార్' అంటాను. ఎవరైనా నన్ను 'సార్ ఉన్నారా' అని అడిగితే మాత్రం, ముందు వాళ్లకు మరిది కొడుకులెందరో కనుక్కొని, ఆ తర్వాతే జవాబు చెబుతాను.