దియాబా అవ్వ పెళ్లిపాట

పశ్చిమ ఆఫ్రికాలోని సోనింకే ఊళ్లలో ఏ పెళ్లయినా దియాబా అవ్వ కోలా కాయ బుగ్గన పెట్టుకుని, పూర్వపు వగాడు రాజ్యం కథ పాడాల్సిందే. ఆ రాజ్యాన్ని కాచే పాము బంగారు వాన కురిపించడంతో పాట ఆపేస్తుంది. ఆ పాము చచ్చి రాజ్యం కూలిన సంగతి పెళ్లిలో పాడితే కాపురం నిలవదట.

సాంబా కూతురి పెళ్లిలో మాత్రం పాటగత్తెకు దక్కాల్సిన గొర్రె తొడ లోపల దాచి, ఆమెకు మెడ ఎముక పెట్టారు. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి గొంతు సవరించుకుంది.

"అంతట ఒకడు కత్తి దూసి, పాము మీదికి..."

"అవ్వా, ఆగవే!" పెళ్లికూతురు కెవ్వుమంది. "నాన్నా, నీ పిసినారితనం తగలెయ్య, ఆ తొడ ఇచ్చెయ్!"

సాంబా పళ్లెంతో పరుగెత్తుకొచ్చాడు. అవ్వ ఒక ముక్క కొరికింది.

"...వెళ్లబోయి, భయమేసి ఇంటికెళ్లి పడుకున్నాడు నాయనా!"

రాజ్యం నిలిచింది, కాపురం నిలిచింది. తొడ ఒక్కటే నిలవలేదు.