పన్నెండు ఎడమ కాళ్లు

ఇరవై మూడేళ్ల మనిషికి తెల్లకోటు తొడిగితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. అద్దం ముందు నిలబడటం ఎక్కువవుతుంది. ఆ రోజుల్లో నేను ఆదోనిలో నా అద్దె గది నుంచి లేబొరేటరీ దాకా అర కిలోమీటరూ ఆ కోటుతోనే నడిచేదాన్ని (లోపలికి వెళ్లాకే తొడుక్కోవాలన్నది నియమం). ఒకసారి దారిలో ఒకామె "డాక్టరమ్మా, పిల్లోనికి వాంతులు" అని ఆపితే, నేను డాక్టర్ని కాదని చెప్పడానికి నాకు కాస్త ఎక్కువ సమయమే పట్టింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు మాత్రం లోపల ఎక్కడో చక్కిలిగింతలు పెట్టినట్టుండింది.

లేబొరేటరీ అంటే మీరు మరీ ఊహించుకోకండి. మూతపడిన పత్తి జిన్నింగు మిల్లులో ఒక షెడ్డు, రెండు బల్లలు, క్రీములు కలిపే ఒక యంత్రం, గాజు తలుపులున్న చిన్న తూకం. బయట రోడ్డు మీద పత్తి లారీ పోయినప్పుడల్లా ఆ తూకం వణికేది. లారీ మలుపు తిరిగేదాకా చేతిలో చెంచా పట్టుకుని తపస్సులో ఉన్నట్టు నిలబడేదాన్ని. మా యజమాని ఒకప్పుడు సబ్బులతో మొదలుపెట్టిన మనిషి. మాట్లాడేటప్పుడు ఉత్సాహం పొంగిపోయేది కాబట్టి ఆయన్ని చాటుగా 'నురగ సార్' అనుకునేవాళ్లం. చేరిన మొదటి రోజే ఆయన నాతో, "అమ్మా, ప్రపంచంలో అందరూ మొహానికే సేస్తాండారు. పాపం కాళ్లను ఎవురూ పట్టించుకోల్యా. మనం కాళ్లను పట్టుకుందాం" అన్నాడు. అలా నా చదువంతా మడమల పగుళ్ల దగ్గరికి చేరింది.

నీళ్లనూ నూనెనూ ఒకదాన్నుంచి ఒకటి విడిపోకుండా కలిపి ఉంచడమే క్రీము తయారీలో అసలు కష్టం. నా మొదటి క్రీము మూడో రోజుకే రెండుగా విడిపోయింది. నాలుగోది బాగానే ఉంది గానీ ముక్కు దగ్గరికి తెచ్చుకోలేకపోయాం. తొమ్మిదోసారి మైనం దండిగా వేశాను. అది ఎంత గట్టిగా నిలబడిందంటే, సీసా బోర్లించినా కిందికి రాలేదు. నురగ సార్ సీసాను ఊపి, తట్టి, చివరికి చేతులు జోడించి "ఇది నిలబడుతాదమ్మా" అన్నాడు. అది క్రీము గొప్పతనమని ఇద్దరం నమ్మాం.

బెంగళూరులో ఒక కంపెనీ మేడం మా క్రీమును వాళ్ల పేరుతో అమ్మడానికి ఒప్పుకుంది. కాకపోతే మనుషుల మీద పరీక్షించిన రిపోర్టు కావాలంది. ఆ ఆర్డరు రాకపోతే షెడ్డు ఖాళీ చేసి మళ్లీ పత్తి వ్యాపారులకు అప్పగించాల్సిందేనని సార్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. నా ఉద్యోగం కూడా ఇంకా ఖాయం కాలేదు. పరీక్ష పద్ధతి సులువే: ఒకే మనిషికి ఒక కాలికి క్రీము పూసి, రెండో కాలిని ఊరికే వదిలేసి, నాలుగు వారాల తర్వాత రెండింటినీ పోల్చాలి. పగిలిన కాళ్లు ఎక్కడ దొరుకుతాయని వెతకాల్సిన పని లేదు. ఎమ్మిగనూరులో మా పెద్దమ్మ ఉంది. వాళ్ల వీధిలో ఇంటింటా మగ్గమే. ఆడవాళ్లు పొద్దంతా రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతుంటారు. ఒక ఆదివారం పెద్దమ్మ తన వసారాలో పదకొండు మందిని కూర్చోబెట్టి, పన్నెండో మనిషిగా తనూ కూర్చుంది. నేను తెల్లకోటు తొడుక్కుని (బస్సులో కూడా తొడుక్కునే వచ్చాను) క్రీములో ఏమేముందో వివరించడం మొదలుపెట్టాను. యూరియా అనే మాట దగ్గర వసారా అంతా కదిలింది.

"యూరియానా? సేనికి సల్లేదా?" అంది పెద్దమ్మ.

"అదే పెద్దమ్మా, కానీ చాలా శుద్ధి చేసింది. చర్మంలో తడి నిలుపుతుంది."

"పైరుకేస్తే పైరు పెరుగుతాది. కాలికేస్తే కాలు పెరిగితే ఏం గతి మే? ఈ సెప్పులే సాలడం ల్యా."

పక్కింటి అవ్వకు వినికిడి తక్కువ. అందరూ నవ్వుతుంటే తనూ నవ్వి, ఎందుకు నవ్వారో పక్కామెను అడిగి తెలుసుకుని, మళ్లీ రెండోసారి నవ్వింది. నేను గొంతు సవరించుకుని నియమాలు చెప్పాను. క్రీము కుడి కాలికి మాత్రమే పూయాలి. పూసింది తుడవకూడదు, రుద్దకూడదు. ఎడమ కాలికి క్రీము చుక్క కూడా తగలకూడదు. ఆదివారం ఆదివారం నేనొచ్చి రెండు మడమలకూ ఫోటో తీస్తాను.

"ఫోటోనా? కాళ్లకా?" అని ఒకామె చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుంది.

"అది ఎవురెవురు సూస్తారు?" అంది ఇంకొకామె.

"బెంగళూరు వాళ్లు" అన్నాను గొప్పగా. ఆ ఒక్క మాటతో నా పరీక్ష మునిగిపోయిందని నాకప్పుడు తెలియదు.

నాలుగు ఆదివారాలు ఫోటోలు తీశాను. పగులు లోతును బట్టి మార్కులు వేశాను. చివరి ఆదివారం సాయంత్రం ఆదోనికి వచ్చి అంకెలన్నీ కూడితే, ఎడమ కాళ్లు బ్రహ్మాండంగా బాగుపడ్డాయి. పూతా లేదు, మందూ లేదు, అయినా నున్నగా ఉన్నాయి. నేను తొమ్మిదిసార్లు తంటాలు పడి చేసిన క్రీము పూసిన కుడి కాళ్లు మాత్రం ముందుకంటే ఘోరంగా ఉన్నాయి. మడమల చుట్టూ ఎర్రవీ, పచ్చవీ, ఊదావీ దారాలు, దూది నూగు అతుక్కుని, ఒక్కో కాలు పండగకు అలంకరించిన ఎద్దు కొమ్ములా ఉంది. మరోసారి కూడాను. కాళ్లు మారలేదు.

ఎందుకిలా అయిందని అప్పుడు నేను అడగాలి. నాకు జీతమిచ్చేది ఆ ఒక్క మాట అడగడానికే. అడగలేదు. షెడ్డు గుర్తొచ్చింది, ఖాయం కాని ఉద్యోగం గుర్తొచ్చింది, ఊళ్లో 'మా పాప సైంటిస్టు' అని చెప్పుకుంటున్న నాన్న గుర్తొచ్చాడు. కంప్యూటర్లో 'క్రీము పూసినది: కుడి' అని ఉన్నచోట 'ఎడమ' అని మార్చాను. రెండే రెండు అక్షరాలు పోయి మూడు అక్షరాలు వచ్చాయి. అబద్ధం ఇంత తక్కువ పనితో అయిపోతుందని ఎవరూ చెప్పలేదు నాకు. రిపోర్టు చూసి నురగ సార్ కళ్లు తుడుచుకున్నాడు. నేను ఆఖరి పేజీలో మెలికలు తిప్పి సంతకం పెట్టాను.

వారం తిరక్కుండా మేడం ఫోన్ చేసింది. రిపోర్టు చాలా బాగుందట. ఇంత బాగున్న కాళ్లను కళ్లారా చూడాలని ఉందట. శుక్రవారం పదకొండింటికల్లా కారులో వస్తుందట.

శుక్రవారం తెల్లారి ఆరింటికి నేను ఆదోని బస్టాండులో ఉన్నాను. శ్రావణమాసం కాబట్టి బస్టాండు నిండా ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి పోయేవాళ్లు. వాళ్ల మధ్య నుంచి తోసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కి, కిటికీలోంచే స్వామికి దండం పెట్టుకున్నాను. ఏమని మొక్కుకోవాలో మాత్రం తేలలేదు. 'అబద్ధం నిలబెట్టు స్వామీ' అని దేవుణ్ని నేరుగా అడగడానికి మొహం చెల్లలేదు. పెద్దమ్మ ఇంటికి చేరేసరికి ఆమె ముంగిట్లో ముగ్గు వేస్తోంది.

"పెద్దమ్మా, ఇయాల ఒక మేడమొస్తాది. ఎవరడిగినా ఎడమ కాలికి పూసినామని చెప్పండి."

"కుడి కాలికి గదా మే పూసింది?"

"అవును. కానీ ఎడమ అని చెప్పాలి."

"అబద్ధమా?"

"అబద్ధం కాదు. చిన్న సవరణ."

పెద్దమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "అసలు ఎడమ కాలు యాల బాగైందంటే..." అని ఏదో చెప్పబోయింది. "అదంతా ఇప్పుడొద్దు పెద్దమ్మా, టైం లేదు!" అని అడ్డుపడ్డాను. నా గొంతులో ఏం వినిపించిందో గానీ ఆమె నేరుగా వీధిలోకి వెళ్లి, "పాప ఉద్యోగమంట" అని ఒక్క మాటతో పదకొండు మందినీ పోగుచేసుకొచ్చింది. కుడి కాళ్లు కాస్త కడుక్కోమన్నాను. "కడిగితే పోతాదా? నీ క్రీము యాడ వదుల్తాది!" అన్నారు ముక్తకంఠంతో. అవ్వ చెవిలో మాత్రం నేనే అరిచి చెప్పాను. ఆమెకు ఎక్కేదాకా ఆరుసార్లు. ఆ అరుపులకు ఎదురింటి మగ్గం కూడా ఆగింది.

మేడం రానే వచ్చింది. నూలు చీర కట్టుకున్న చక్కటి మనిషి. కన్నడం కలిసిన తెలుగు. నురగ సార్ ఆమె వెనకే పూలగుత్తి పట్టుకుని (ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియాలి) నిలబడ్డాడు. మేడం వసారాలోకి వచ్చి, "నమస్కారమమ్మా, అందరూ బాగున్నారా?" అంది.

"ఎడమ కాలికి!" అన్నారు పన్నెండు మందీ.

మేడం ఒక్క అడుగు వెనక్కి వేసింది. పెద్దమ్మ గబగబా "బాగుండాము, బాగుండాము" అని సర్దింది. మేడం నవ్వి అవ్వ పక్కన చాప మీద కూర్చుని, "మీకెన్నేళ్లు అవ్వా?" అని అడిగింది.

"ఎడమ కాలికి."

"హౌదా? పిల్లలెంతమంది?"

అవ్వ నాలుగు వేళ్లు చూపించింది. హమ్మయ్య అనుకునేలోపే, "నలుగురికీ ఎడమ కాలికేనమ్మా" అని కలిపింది. ఎవరో కిసుక్కుమన్నారు. నురగ సార్ పూలగుత్తిని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మేడం అవ్వ కుడి కాలిని, వద్దు వద్దంటున్నా, తన ఒళ్లోకి తీసుకుంది. మడమకు అంటుకున్న ఎర్ర దారాన్ని గోటితో లాగింది. అది రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగింది. ఉహూఁ.

"అవ్వా, ఈ దారాలేంటి?" అని చెవిలో గట్టిగా అడిగింది.

"క్రీము పూసింది దానికే గదమ్మా!" అంది అవ్వ, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "రాట్నం కాడ కూసుంటే నూలంతా దానికే అతుక్కునె. ఊడదు తల్లీ, లాగొద్దు, నొప్పి!"

నా తెల్లకోటు లోపల చెమట ధారగా కారుతోంది. "మేడం, సార్‌కి తెలియదు" అన్నాను. "వీళ్లదీ తప్పు లేదు, ఎడమ అని చెప్పమన్నది నేనే. కుడి కాలికే పూశాం. ఎడమ కాళ్లు బాగయ్యాయి. నేనే రిపోర్టులో మార్చాను."

నురగ సార్ మొహం నుంచి పూలగుత్తి కిందికి దిగింది. ఆయన నావైపు చూసిన ఆ చూపు తిట్టుకంటే బరువుగా ఉంది. మేడం మాత్రం నన్ను వదిలేసి పెద్దమ్మ వైపు తిరిగింది. "మరి ఏమీ పూయని ఎడమ కాలు ఎందుకు బాగైందమ్మా?"

"పొద్దున అదే సెప్పబోతి, పాప ఇన్లేదు" అంది పెద్దమ్మ. "బెంగళూరోళ్లు సూస్తారనె, ఫోటో తీస్తాననె. మురికి కాలు సూపిస్తే మా వీధి పరువేంగాల? దినామూ ఇటుక ముక్కతో రుద్దుకోని, ఏన్నీళ్లతో కడుక్కోని, కాసింత కొబ్బరినూనె పెట్టుకుంటిమి."

"మరి కుడి కాలు?"

"దాన్ని తుడవొద్దు, రుద్దొద్దు అని పాపే కట్టడి సేసె గదా! పాపం, అది అట్లే ఉండిపాయె."

మేడం ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు తీసేసి, చాప మీద ఒక పక్కకు ఒరిగి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆమెను చూసి మిగతా ఆడవాళ్లూ, వాళ్లను చూసి అవ్వ (ఈసారి ఎవర్నీ అడక్కుండానే), చివరికి నురగ సార్ కూడా. నేనొక్కదాన్నే ఏడుస్తున్నాను. అదీ ఎంతోసేపు నిలవలేదు. పెద్దమ్మ నా కోటు విప్పించి, కొంగుతో మొహం తుడిచి, బొరుగుల ఉగ్గాని పళ్లెం చేతిలో పెట్టింది.

ఆర్డరు రాలేదు. వెళ్లేముందు మేడం నన్ను కారు దగ్గరికి పిలిచి, "మూడు నెలలు టైమిస్తాను. అంటుకోని క్రీము చెయ్యి. ఈసారి రెండు కాళ్లకూ ఒకే కడుగుడు, ఒకే నూనె. ఏ కాలికి పూశావో నాకు చెప్పకు, నేనే కనిపెడతాను" అంది. నురగ సార్ తిరుగు ప్రయాణంలో ఆదోని కనబడుతుండగా, "ఇంగ నెల దినాలు ఆ క్రీము నీ కాలికే పూసుకోని తిరుగమ్మా" అన్నాడు. అదే శిక్ష. మా షెడ్డులో పాత పత్తి నూగుకు కొదవ లేదు కాబట్టి రెండో రోజుకే నా మడమ ఒక చిన్న దిండులా తయారైంది. మైనం ఎంత తగ్గించాలో ఆ మడమే నేర్పింది. పదిహేనో క్రీము చర్మంలోకి ఇంకిపోయింది, నూలు అంటలేదు, సీసా బోర్లిస్తే కిందికి దిగింది. మళ్లీ ఎమ్మిగనూరు వెళ్లాం. మేడం పన్నెండు జతల ఫోటోలు చూసి పూసిన కాలేదో పదకొండింటిలో సరిగ్గా కనిపెట్టింది. షెడ్డు మాకే ఉండిపోయింది. పెద్దమ్మ మాత్రం, "ఇది పూసుకున్నట్టే ల్యా మే, పాతదైతే కనీసం కనబడుతుండె" అని పెదవి విరిచింది.

ఇప్పుడు నేను హైదరాబాదులో పనిచేస్తున్నాను. నా కింద ఎనిమిది మంది పిల్లలు, తూకాన్ని వణికించే లారీలు లేవు. మొన్న ఇల్లు మారేటప్పుడు ఒక అట్టపెట్టెలో ఆ మొదటి రిపోర్టు నకలు దొరికింది. ఆఖరి పేజీలో నా సంతకం కాగితంలో పావు వంతు ఉంది. మెలికలు, కింద రెండు గీతలు, ఆ గీతల కింద రెండు చుక్కలు. ఈ మధ్య నేను పెట్టే సంతకం చీమంత ఉంటుంది, అదీ పేజీ మూడుసార్లు చదివాకే. చాపకట్ట మీద కూర్చుని ఆ చుక్కల వైపు చాలాసేపు చూశాను. తప్పుడు రిపోర్టే అయినా, అంత సంతోషంగా నేను మళ్లీ ఎక్కడా సంతకం పెట్టలేదు.